చెత్త ఏరే చేతికీ కార్బన్ లెక్కేనా?

అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో ఊరికి ఏదైనా చేద్దామనుకోగానే ముందు మెషీనే గుర్తొస్తుంది. విశాఖకు చెత్త వేరుచేసే మెషీన్ పంపిద్దామని ఈమధ్య తరచూ వింటున్నాను. అందుకు చెప్పే కారణమే నాకు మింగుడుపడదు. చెత్త ఏరే మనిషీ తింటాడు, తిరుగుతాడు, కాబట్టి చేత్తో చేసే ఆ పనికీ కార్బన్ లెక్క (గాల్లోకి చేరే కార్బన్ డయాక్సైడ్ లెక్క) ఉంటుందట, మెషీనే మేలట.

చెత్త ఏరినా ఏరకపోయినా మనిషి అన్నం తింటాడు కదండీ! మెషీన్ వచ్చిందని తిండి మానేస్తాడా? మెషీన్ తాగే కరెంటు మాత్రం కొత్త ఖర్చే. పరవాడ దగ్గర సింహాద్రిలో 2000 మెగావాట్ల ప్లాంటు నడిచేది బొగ్గుతోనే.

ఆప్టికల్ సార్టర్ అనే ఆ వేరుచేసే మెషీన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, ఏ ప్లాస్టికో పోల్చుకుని, గాలి ఊది పక్కకు నెడుతుంది. ఆ వేగం మనిషికి రాదు, ఒప్పుకుంటాను. కానీ కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి కలిపిన ప్లాస్టిక్ దానికి ఆనదు. సాంబారు అంటిన కవర్లు, నానిన అట్టలు వస్తే ఇంకా తికమక. మన చెత్తలో దాదాపు సగం తడిదే. అమెరికాలో అన్నీ ఒకే బిన్‌లో పడేస్తే మెషీన్లే చూసుకుంటాయనుకున్నాం. 2018లో చైనా చాలా రకాల తుక్కు దిగుమతులు ఆపేసరికి, కొన్ని ఊళ్లలో రీసైక్లింగ్ బిన్‌లో వేసినదీ చెత్తగుట్టకే చేరింది.

విశాఖలో ఏదైనా తుక్కు కొట్టు ముందు కాసేపు నిలబడి చూడండి. గోనెసంచి బోర్లించగానే చేతులు ఆగవు. మూతలు ఒక కుప్ప, సీసాలు ఒక కుప్ప, అట్టలు వేరే. కవరు నలిపి, ఆ చప్పుడును బట్టి ఏ రకమో చెప్పేవాళ్లున్నారు. అనుమానమొస్తే కొస వెలిగించి వాసన చూస్తారు (అది మంచిది కాదనుకోండి). ఇంటింటికీ తిరిగి కొన్న సరుకైతే తడి చెత్తలో కలవకముందే వేరైపోతుంది, ఊరి చెత్త చేరే కాపులుప్పాడ యార్డు దాకా లారీ మోయాల్సిన బరువూ తగ్గుతుంది. అసలు లాభం అక్కడే ఉంది.

అలాగని చేత్తో చేసేదంతా పర్యావరణానికి మంచిదేనని అనను. రాగి కోసం వైర్లు తగలబెడితే ఆ పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. సూదులు, గాజుపెంకులు గుచ్చుకుంటాయి. మెషీన్ రావాల్సింది అక్కడికి. వైరు తోలు ఒలిచేది ఒకటి, అట్టల్ని నొక్కి కట్టలు కట్టే బేలింగ్ ప్రెస్ ఒకటి, వంగక్కర్లేకుండా నడుమెత్తున ఒక కన్వేయర్, పైన షెడ్డు. చెత్త ఏరుకునేవాళ్లను వ్యవస్థలో కలుపుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి.

సంఘానికి చందాలిచ్చినవాళ్లకు ఫొటోలో పెద్ద మెషీన్ కనబడాలంటారా? బేలింగ్ ప్రెస్ కూడా ఫొటోలో బాగానే పడుతుంది.