కుందేలు మందు డోసు ఎవరు తేల్చారు?

మన చెన్నై ఫ్లాట్లలో కుక్క వద్దంటారు, పిల్లలేమో ఊరుకోరు, సరే ఏదో చిన్నది కొనిచ్చేద్దాం అని ఓ కుందేలో గినీ పిగ్గో హామ్‌స్టరో పట్టుకొచ్చేస్తాం. జబ్బు చేసినప్పుడు మొదలవుతుంది అసలు కథ.

చాలాచోట్ల జరిగేది, కుక్కకిచ్చే డోసుని బరువు లెక్కన తగ్గించి ఇచ్చేయడం. వినడానికి లాజిక్కుగానే ఉంటుంది గానీ మెలాక్సికామ్ అనే నొప్పి మందే చూడండి, కుక్కకి కిలోకి 0.1 మిల్లీగ్రాము సరిపోతుంది, అదే కుందేలు రక్తంలో మందు ఎంతసేపు నిలుస్తోందో కొలిచి చూస్తే కిలోకి 1 మిల్లీగ్రాము దాకా కావాలని తేలింది. పదిరెట్లు! తగ్గించి ఇచ్చింది ఏ మూలకీ చాలదు, నొప్పితో కుందేలు తిండి మానేస్తుంది, మానేస్తే పేగులు కదలడం ఆగిపోతుంది. (ఇది చదివి ఇంట్లో డోసులు కట్టకండి మహాప్రభో.) ఇంకోపక్క మన పిల్లలకి పోసే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ కుందేలుకో గినీ పిగ్‌కో నోట్లో పోస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా పోయి ప్రాణం మీదకొస్తుంది. కుక్కల గోమార్లకి కొట్టే ఫిప్రోనిల్ కూడా కుందేలుకి పడదు.

ఇవన్నీ ఎవరో కూర్చుని రాసుకుంటేనే కదా తెలిసింది. బ్రిటన్లో 2002 నుంచి 2004 దాకా 117 క్లినిక్కుల్లో జంతువులకి ఆపరేషన్ మత్తు ఇచ్చిన కేసులు రాసుకుంటూ పోయారు, మత్తు వల్ల 48 గంటల్లో పోయినవి కుక్కల్లో 0.17 శాతం అయితే కుందేళ్లలో 1.39, గినీ పిగ్‌లలో 3.8. కుందేళ్లలో సగానికి పైగా పోయింది ఆపరేషన్ అయిపోయాక. అంటే కుట్లేసి వెంటనే ఇంటికి పంపించేయకుండా వెచ్చగా ఉంచి, తిండి మొదలెట్టేదాకా చూడాలని అర్థమైంది.

మన దగ్గర కుందేళ్ల మీద రీసెర్చి లేదా అంటే, నీలగిరుల్లో సాండినల్లాలో ఉంది, కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉంది. కాకపోతే అదంతా ఎక్కువగా మాంసానికీ ఉన్నికీ. మూడు నెలల్లో ఎంత బరువు పెరిగిందన్న లెక్కతో, ఇంట్లో ఎనిమిదేళ్లు బతకాల్సినదానికి పళ్లు పెరిగిపోకుండా ఏ గడ్డి పెట్టాలో ఎలా చెప్తాం? పైగా రెండూ చల్లటి కొండలు, మన మే నెల ఎండ ఎక్కడ, అవెక్కడ.

నేను డాక్టర్లని అనను, మననే అంటాను. వేపేరిలో 1903 నాటి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊళ్ళో ఉంటూ, చచ్చిపోయిన కుందేల్ని చడీచప్పుడు లేకుండా కాంపౌండులో పూడ్చేస్తాం, పోస్టుమార్టం అంటే పాపం ఎందుకులే అంటాం. ఎందుకు పోయిందో డాక్టరుకి తెలీదు, రేపు అలాంటిదే ఇంకోటొస్తే మళ్లీ అదే మందు. వంటింటి కాటా మీద వారానికోసారి బరువు చూసి రాసుకున్నా ఎంతో పనికొస్తుంది, ఈ జంతువులు జబ్బు దాచుకుంటాయి, ముందు తగ్గేది బరువే.

డోసు రాసేటప్పుడు ఇది కుందేళ్ల మీద చూసిందా సార్ అని అడగండి, తప్పేం లేదు. ఆగండి, చూసి సాయంత్రం చెప్తా అన్న డాక్టరు దగ్గరికే నేను వెళ్తాను, ఫీజు కుందేలు ఖరీదు కంటే ఎక్కువైనా సరే. మా ఇంట్లో దీని మీద ఇంకా గొడవే అనుకోండి.