నడుము నొప్పికి మంచం పట్టడం మందు కాదు

నడుము నొప్పి తగ్గాలంటే నెల రోజులు మంచం దిగొద్దని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. రాసినవాళ్లు దయచేసి ఆ మాట సరిచేయండి. నేనూ అలాగే పడుకుని, ఉన్న బలం కూడా పోగొట్టుకున్నాను.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. పత్తి చేలో మందు కొట్టే పంపు వీపున మోసీ మోసీ ఆరేళ్ల కింద నొప్పి మొదలైంది. ఎమ్మారైలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) కొంచెం ఉబ్బిందని ఒక ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ అన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. నల్లగొండలో ఇంకో డాక్టర్‌కు చూపిస్తే, ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగ్‌లోనూ అలాంటి ఉబ్బు కనిపిస్తుందని చెప్పి వ్యాయామాలు రాశారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము మెల్లగా పైకెత్తి, పది లెక్కపెట్టి దించాలి. మొదటి వారం మూడు అనేసరికే తొడలు వణికేవి. దాంతోపాటు రోజూ నడక. మూడు నెలలకు బస్సులో హైదరాబాద్ దాకా కూర్చోగలిగాను.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది, వ్యాసంలో అసలు రాలేదు: ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి, బాగా ఎక్కువ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక బిగుసుకుపోతుంది. మా అమ్మ పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఆమెకు నా వ్యాయామాలు పని చేయలేదు. ఒకప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్లు డాక్టర్‌కు ఆ మాట తప్పక చెప్పండి.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం తెలియకుండా పోతున్నా, పిరుదుల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.