"మీ ఆయన్ని తీసుకురండి" అనకండి

సైనికుడి భార్యగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. బ్యాంకులో, బడిలో, రెవెన్యూ కార్యాలయంలో, చివరికి అద్దె ఇల్లు అడిగిన చోట కూడా. మా వారు జమ్మూ కశ్మీర్‌లో ఫీల్డు పోస్టింగులో ఉన్నారు. ఆయన ఉన్న చోటికి కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు లేదు. పిల్లల చదువు కోసం నేను ఈ టౌనులో అద్దెకు ఉంటున్నాను. ఫీజులు కట్టేదీ, అర్ధరాత్రి జ్వరం వస్తే ఆసుపత్రికి పరుగెత్తేదీ, ఊళ్లో అత్తగారి మందులు చూసేదీ నేనే. సంతకం అవసరమైన చోట మాత్రం నేను లెక్కలోకి రాను.

ముందు ఫోను సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. పోస్టుపెయిడ్ అయితేనే పనిచేస్తుంది. అందుకే అక్కడికి వెళ్లిన జవాన్లు చాలామంది అక్కడే మరో సిమ్ తీసుకుంటారు. ఇక్కడ ఆధార్‌కూ, బ్యాంకు ఖాతాకూ, గ్యాస్ కనెక్షన్‌కూ ఇచ్చి ఉన్నది మాత్రం పాత నంబరే. మా వారు దాన్ని పోస్టుపెయిడ్‌కు మార్చుకున్నారు. అయినా కొండ మీద పోస్టులో ఉన్న రోజుల్లో సిగ్నల్ ఉండదు.

మొన్న గ్యాస్ బండ వచ్చింది. కుర్రాడు దాన్ని భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో దించి, చెమట తుడుచుకుంటూ "కోడ్ చెప్పండమ్మా" అన్నాడు. నాలుగంకెల కోడ్ మా వారి ఫోనుకు వెళ్లింది. ఆ ఫోను కలవడం లేదు. మళ్లీ చేశాను, మళ్లీ అదే. "కోడ్ లేకుండా ఇస్తే నా జీతంలో కోస్తారమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. అతన్ని ఏమనగలను? లోపల చిన్నది సగం అల్లిన జడతో నిలబడి ఉంది, బడి బస్సు వచ్చే వేళయింది. బండ మళ్లీ మెట్లు దిగింది. నంబరు మార్చమని ఏజెన్సీకి వెళ్తే, కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారే రావాలన్నారు.

ఇది గ్యాస్‌తో ఆగితే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. పెద్దవాడు హిందీలో ఎక్కాలు నేర్చుకుని ఇక్కడికి వచ్చి, ఇప్పుడు తెలుగు ఒత్తులు దిద్దుకుంటున్నాడు. వాణ్ణి చేర్చేటప్పుడు ఒక బడిలో తండ్రి సంతకం లేనిదే దరఖాస్తు తీసుకోవడం కుదరదన్నారు. పిల్లల పేరున ఖాతా తెరవబోతే ఒక బ్యాంకులో "తండ్రే సంరక్షకుడు" అన్నారు. ఊళ్లో మా పొలం రీసర్వేకు వచ్చినప్పుడు హద్దు రాయి దగ్గర పట్టాదారే నిలబడాలన్నారు. ఆయన తల్లి, భార్య ఇద్దరం గట్టు మీదే ఉన్నాం.

ఇది చట్టం పెట్టిన ఇబ్బంది అయితే చట్టం మార్చమని అడిగేదాన్ని. చట్టం మా పక్షానే ఉంది. తండ్రి అందుబాటులో లేనప్పుడు తల్లే పిల్లల సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఉంటే చాలని 2016లో నిబంధన మార్చారు. ప్రత్యేక పరిస్థితుల్లో, యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడు కోర్టుకు రాలేకపోతే కేసు వాయిదా వేసేందుకు 1925లో, అంటే బ్రిటిష్ వారి కాలంలోనే, ఒక చట్టం వచ్చింది. అన్నిటికంటే పెద్దది ఓటు. సైనికుడు తన నియోజకవర్గంలో ఉన్న మనిషిని ప్రాక్సీగా పెట్టుకుని ఓటు వేయించే వీలు 2003 నుంచి ఉంది. ఆయన బదులు నేను ఎంపీని ఎన్నుకోవచ్చు. ఆయన బదులు గ్యాస్ ఏజెన్సీలో ఫోను నంబరు మార్చుకోలేను!

సైనికుడికి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అదీ యూనిట్ పరిస్థితి అనుకూలిస్తేనే, విడతలు విడతలుగా. రానూ పోనూ ప్రయాణానికే రోజులు పోతాయి. మిగిలిన రోజులు ఎవరివి? పిల్లలవి. తల్లివి. మీరు "ఆయన్ని తీసుకురండి" అన్న ప్రతిసారీ అందులోంచి ఒక పూట తీసుకుంటున్నారు. పోయినసారి సెలవులో ఆయన పిల్లల్ని పొలానికి తీసుకువెళ్తానని మాటిచ్చి, కాగితాల సంచీ పట్టుకుని మండల కార్యాలయం వరండాలో కూర్చున్నారు. సాయంత్రం అధికారి రాలేదన్నారు. చిన్నది చెప్పులు వేసుకునే నిద్రపోయింది.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి చోట నా బతుకు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. టౌనులో అలా కాదు. "మీకేమమ్మా, క్యాంటీన్ ఉంది, క్వార్టర్స్ ఉన్నాయి" అంటారు. క్యాంటీన్‌లో సబ్బులు, నూనె తక్కువకు దొరుకుతాయి, నిజమే, అందుకు కృతజ్ఞతే ఉంది. దానికీ నా సంతకానికీ సంబంధం ఏమిటి?

2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణాలర్పించినప్పుడు రాష్ట్రమంతా కంటతడి పెట్టింది. ఆ రోజుల్లో నేను పిల్లలకు టీవీ పెట్టలేదు. ఫోను పక్కనే పెట్టుకుని వంట చేశాను. వీధిలో తెలియని వాళ్లు కూడా ఆగి "సార్ క్షేమమేనా అమ్మా" అని అడిగారు. ఆ ఆప్యాయత నిజమైనది, దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేయను. అదే మనుషులు కౌంటరు వెనక కూర్చున్నప్పుడు నన్ను ఎందుకు నమ్మరన్నదే నా బాధ.

ఆస్తి అమ్మే చోట, పెద్ద అప్పు తీసుకునే చోట ఆయన సంతకం అడగండి. అది న్యాయమే, మా రక్షణ కోసమే. నేను అడిగేది రోజువారీ పనుల గురించి. ఫలానా జవాను ఫీల్డులో ఉన్నాడని యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ ముద్ర వేసి ఇచ్చిన పత్రం, దానితో పాటు నా గుర్తింపు కార్డు. ఈ రెండూ చూపితే ఫోను నంబరు మార్పు, బడి కాగితాలు, సర్వేలో హాజరు లాంటివి భార్య చేతి మీదుగా జరగాలి. భార్య లేకపోతే తల్లి చేతి మీదుగా. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ పత్రం సరిచూసుకోవచ్చు. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, ఖజానాకు భారమేమీ లేదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి ఈ విషయం రాసుకుని వెళ్తున్నాను. సుప్రీంకోర్టు తీర్పు నకలు కూడా జత చేస్తున్నాను. మన జిల్లాలో జవాన్ల కుటుంబాల వారు ఎవరైనా ఇలాగే తిరిగి ఉంటే, ఏ పనికి ఏ కాగితం అడిగారో ఆదివారం లోపు నాకు రాయండి. పేర్లు బయటపెట్టను, వివరాలు మాత్రం అర్జీలో చేరుస్తాను. వీలున్నవాళ్లు పొద్దున్నే రండి, కలిసి లోపలికి వెళ్దాం.