రిపోర్టులో అభిప్రాయం ఎక్కడ దాక్కుంటుంది?

"ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల యంత్రం ఆగిపోయింది." రిపోర్టుల్లో తరచూ కనిపించే తరహా వాక్యమే. చదవగానే జరిగింది చెప్పినట్టే ఉంటుంది. కాస్త విడదీసి చూడండి. యంత్రం ఆగింది, ఇది వాస్తవం. ఆ సమయంలో ఆపరేటర్ సీట్లో లేడని పక్కవాళ్లు చెప్పి ఉంటారు. అతను లేకపోవడం వల్లే ఆగిందన్నది ఊహ. నిర్లక్ష్యం అన్నది ఏకంగా తీర్పు. అతన్ని పై అధికారే పిలిపించి ఉంటే? ఇంత గొడవనీ ఆ "వల్ల" అన్న చిన్న మాట చప్పుడు చేయకుండా మోసేస్తోంది.

"నా అభిప్రాయంలో" అని తగిలించుకున్నవే అభిప్రాయాలు, మిగతావన్నీ వాస్తవాలు అనుకుంటే చిక్కే. మిల్కోవిచ్ కేసులో 1990లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది: ఫలానా మనిషి అబద్ధాలకోరు అనేసి, ముందు "నా అభిప్రాయంలో" అని చేర్చినంత మాత్రాన పరువునష్టం దావా నుంచి రక్షణ దొరకదు. చూడాల్సింది ఆ మాటను రుజువులతో సరిచూడగలమా లేదా అన్నదే. "సమావేశానికి 40 మంది వచ్చారు" అన్నది తప్పే కావచ్చు, కానీ హాజరు పట్టీ తీస్తే తేలిపోతుంది. "హాజరు అంతంత మాత్రమే" అన్నదాన్ని ఏ పట్టీ తేల్చదు.

ఇది చదువుకున్నవాళ్లందరికీ తెలిసిందేగా అనిపిస్తుంది. కానీ ప్రజాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018లో అమెరికాలోని వయోజనులకు ఐదు వాస్తవ ప్రకటనలు, ఐదు అభిప్రాయాలు ఇచ్చి గుర్తించమంది. ఐదు వాస్తవాలనూ సరిగ్గా పట్టుకున్నవాళ్లు 26 శాతం, ఐదు అభిప్రాయాలనూ పట్టుకున్నవాళ్లు 35 శాతం. పైగా తమ పార్టీకి అనుకూలంగా ఉన్న మాటను వాస్తవమనే మొగ్గు రెండు పక్షాల్లోనూ కనిపించింది. రిపోర్టు రాసేవాళ్లు మాత్రం దీనికి అతీతులని నేననుకోను.

అలాగని అభిప్రాయాన్ని తీసిపారేయాలనడం నాకు నచ్చదు. అంకెలు పేర్చి, ఏం చేయాలో చెప్పని రిపోర్టుతో ఎవరికీ పని జరగదు. విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నమూనా చూడండి: మొదట వాస్తవ సమాచారం, తర్వాత విశ్లేషణ, ఆపైన నిర్ధారణలు, చివర భద్రతా సిఫార్సులు. దేని గది దానిది. ఇంజిన్ ఎప్పుడు ఆగిందో మొదటి భాగంలో, ఎందుకు ఆగి ఉంటుందో రెండో భాగంలో. విశ్లేషణతో విభేదించేవారు కూడా అదే సమాచారం నుంచి సొంత లెక్క వేసుకోవచ్చు.

అయితే గదులు కట్టినంత మాత్రాన సరిపోదు, అంచనా ఎంత గట్టిదో కూడా చెప్పాలి. 1951లో యుగోస్లావియాపై దాడికి "గట్టి అవకాశం" ఉందని సీఐఏ విశ్లేషకులు ఒక నివేదికలో రాశారు. ఆ మాటకు అర్థమేమిటని ఆ విశ్లేషకుల పై అధికారి షెర్మన్ కెంట్ తర్వాత తన బృందాన్ని అడిగితే, ఒకరు 20 శాతం దాకా దిగారు, ఇంకొకరు 80 శాతం దాకా ఎక్కారు. ఆ నివేదికను ఖాయం చేసింది వాళ్లందరూ కలిసే.