అద్దెకున్నవాళ్ళకి ఇంకా ఎంత రక్షణ కావాలండీ?

గౌరవ శాసనసభ్యులకు, అందులోనూ మా విజయనగరం జిల్లా నుంచి వెళ్ళినవారికి ఒక విన్నపం. అద్దెకుండేవాళ్ళకి గట్టి రక్షణ చట్టం కావాలని కొందరు గొడవ చేస్తున్నారు. దయచేసి వినకండి. మేం రక్షణ లేక కాదు, ఎక్కువై చస్తున్నాం.

నమ్మకం లేకపోతే బాలాజీ నగర్లోనో కంటోన్మెంట్‌లోనో ఒక పోర్షన్ తీసుకుని చూడండి. రాత్రి పదయ్యేసరికి గేటుకి తాళం పడిపోతుంది, మన ఇంటికి ఎవరొచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, రాత్రికి ఉంటారా వెళ్ళిపోతారా అన్నది మనకన్నా ముందు మేడమీద వాళ్ళకి తెలుస్తుంది, ఆదివారం కూరేంటో కూడా వాసనని బట్టి నమోదైపోతుంది. మంత్రులకి కూడా ఇంత కాపలా ఉండదు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలు దిగారనుకోండి, ఊరంతా అమ్మవారి మొక్కుల్లో ఉంటే మా ఓనరుగారు మెట్లమీద నిలబడి తలకాయలు లెక్కపెడుతుంటారు. ట్యాంకు నీళ్ళ గురించిన ఆందోళనే తప్ప వేరే ఉద్దేశం లేదు పాపం.

అసలు చట్టాలు లేవన్నదెవరు? 1960లోనే అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని అడగొచ్చనీ, సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకూడదనీ, చాలా ఉండేవి అందులో. కాకపోతే చిన్న మెలిక: 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్ళకి అది వర్తించదన్నారు. అంటే చట్టం పుట్టేటప్పటికే కొత్తిల్లు ఏదీ దాని చేతికి అందదు. ఇరవై ఏళ్ళ పైన ఈ ఏర్పాటు హాయిగా నడిచాక 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు కొట్టేసింది. మన ప్రభుత్వం ఏమన్నా కంగారుపడిందా? ఆ డిసెంబరు దాటకుండానే జీవో తీసింది, ఇల్లు కట్టి పదేళ్ళు కాకపోతే చట్టం వర్తించదు, నెలకి అద్దె వెయ్యి రూపాయలు దాటినా వర్తించదు అని. తర్వాత ఆ వెయ్యిని కొంచెం పెంచారు లెండి. అద్దె పెరిగేకొద్దీ రక్షణ జారిపోయేలా రాసిన ఆ అధికారి ఎవరో గానీ దణ్ణం పెట్టాలి.

ఆ మీదట 2017లో మన అసెంబ్లీ మరో అద్దె చట్టం చేసింది. 2021లో కేంద్ర కేబినెట్ ఒక మోడల్ అద్దె చట్టానికి ఆమోదముద్ర వేసి రాష్ట్రాలకి నమూనాగా పంపింది. దాని ప్రకారం ఉండే ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదట, గొడవ ఉన్నా నీళ్ళూ కరెంటూ ఆపకూడదట, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలట. మా వాళ్ళు 24 గంటలూ చెబుతూనే ఉంటారు కదా, ఇంకా ముందు చెప్పడం ఎక్కడ?

పైగా ఈ మాటలు మేం బయట ఎత్తం. ఏ అద్దెదారైనా 'చట్టం ప్రకారం అడ్వాన్స్ రెండు నెలలే కదండీ' అని అన్నాడే అనుకోండి, ఓనరుగారబ్బాయి ఆ రాత్రికి రాత్రే బెంగుళూరులో ఉద్యోగం మానేసి ఊరొచ్చేస్తున్నాడని కబురొస్తుంది, పోర్షన్ అతనికే కావాలి. ఆ అబ్బాయి ఎప్పటికీ రాడు. టులెట్ బోర్డు మాత్రం వారంలో వస్తుంది, వెయ్యి ఎక్కువ అద్దెతో. మన అడ్వాన్స్ సున్నాల ఖర్చుకి సరిపోయిందని చెబుతారు.

ఇక పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటిన లీజు అయితేనే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలన్న నమ్మకంతో, ఆ శ్రమ మనకెందుకని ఒక నెల తగ్గించి రాస్తాం. ఈ పదకొండు అంకె సర్కారువారికీ నచ్చినట్టుంది, కౌలు రైతుకి 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు గడువు కూడా పదకొండు నెలలే. అదీ బుగత, అంటే ఆ భూమి ఓనరు, సంతకం పెడితేనే. ఎవరినుంచి రక్షణో వాళ్ళనే అడిగి తెచ్చుకోవాలి, ఇంతకంటే మర్యాదైన చట్టం ఇంకెక్కడైనా ఉంటుందా?

అయినా సభలో ఏదో ఒకటి పెట్టక తప్పదంటే, నేనో సవరణ ఇస్తాను. అద్దెదారు అగ్రిమెంటు కాలంలో చనిపోరాదు. నవ్వకండి, ఇదొక్కటే మన దగ్గర నిజంగా అమల్లో ఉన్న నిబంధన. ఆసుపత్రిలో పోయిన మనిషిని గుమ్మం దాటి లోపలికి తేనివ్వరు, ఇల్లు మైలపడుతుంది, నక్షత్రం మంచిది కాకపోతే నెలల తరబడి తాళం వేసుకోవాలి, మళ్ళీ ఎవరూ అద్దెకి రారు. అందుకని రోడ్డుమీద టెంటు వేసి పడుకోబెడతారు, లేదా అంబులెన్సు నేరుగా శ్మశానానికి పోతుంది. పదేళ్ళు ప్రతి నెలా అయిదో తారీకులోపు అద్దె కట్టినవాడైనా అంతే. ఈ అయోమయం పోవాలంటే చట్టంలో స్పష్టంగా రాయాలి: చనిపోదలచిన అద్దెదారు 24 గంటల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, పోర్షన్ ఖాళీ చేసి, తాళంచెవులు అప్పగించి వెళ్ళవలెను. కరెంటు బిల్లు బాకీ ఉండరాదు.

ఆ రక్షణ చట్టం బిల్లుని కమిటీకి పంపితే పంపండి, కానీ కమిటీ సభ్యులు హోటల్లో కూర్చోవద్దు. జెండాలు, గన్‌మన్లు, పేరు కనబడే తెల్ల చొక్కా వదిలేసి గంటస్తంభం దగ్గర దిగి, ఒక్కొక్కరు ఒక్కో వీధిలో టులెట్ బోర్డు చూసుకుంటూ వెళ్ళాలి. గుమ్మంలో నిలబడగానే 'మీరేటోళ్ళు బాబూ?' అని అడుగుతారు. నీచు తింటారా, మీ ఇంటిపేరేటి, ఎందరుంటారు, ముసలివాళ్ళున్నారా, జబ్బుపడ్డవాళ్ళున్నారా అని కూడా అడుగుతారు. నిజం చెప్పాలి. సాయంత్రానికి పోర్షన్ దొరికిన సభ్యుడు బిల్లుకి వ్యతిరేకంగా ఓటేయవచ్చు.