పాత కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు: పెట్టె మీద కనిపించని లెక్క

ఏళ్లనాటి డెస్క్‌టాప్‌లో కొత్త గేమ్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే అందరి చూపూ ముందు గ్రాఫిక్స్ కార్డు మీదికే వెళ్తుంది. అందులో తప్పు లేదు. స్క్రీన్ మీద కనిపించేదంతా గీసేది అదే, కంప్యూటర్‌లో తేలికగా మార్చుకోగలిగేదీ అదే. స్క్రూ విప్పి, పాతది తీసి, కొత్తది స్లాట్‌లో కూర్చోబెడితే సగం పని అయిపోతుంది. చిక్కంతా కార్డును ఎంచుకునే దగ్గరే వస్తుంది. "ఈ డబ్బుకు సెకనుకు ఎక్కువ ఫ్రేమ్‌లు (తెర మీద మారే బొమ్మలు) ఇచ్చే కార్డు ఏది?" అని అడిగితే వచ్చే జవాబు కొత్త కంప్యూటర్ ఉన్నవాళ్లకు సరిపోతుంది. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లను అదే జవాబు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

కార్డులను పరీక్షించేవాళ్లు మార్కెట్లోని అత్యంత వేగవంతమైన ప్రాసెసర్‌తో పరీక్షిస్తారు. కార్డుకూ కార్డుకూ తేడా తేలాలంటే అలాగే చేయాలి, వాళ్ల పద్ధతిని నేను తప్పుపట్టను. కానీ ఆ గ్రాఫులో కనిపించే అంకె ఆ కార్డు గరిష్ఠంగా ఎంత చేయగలదో చెబుతుంది, అంతే. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్ పక్కన అది ఎంత చేస్తుందో ఆ గ్రాఫులో ఉండదు.

గేమ్‌లో ప్రతి ఫ్రేమ్‌కూ ఇద్దరు పనిచేయాలి. ఎవరు ఎక్కడున్నారు, ఏది కదిలింది, ఏది గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్కల ప్రకారం బొమ్మను కార్డు గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసరే 25 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే ఎంత పెద్ద కార్డు పెట్టినా సెకనుకు 40 ఫ్రేమ్‌లు దాటవు. ఇది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఆడే గేమ్‌లోనే రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించి చూడండి. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే ఆపుతున్నది కార్డు. ఉన్నచోటే ఉంటే ఆపుతున్నది ప్రాసెసర్, లేదా ఒంటరి ర్యామ్ స్టిక్. ఆ రెండో సందర్భంలో కార్డు మీద పెట్టే డబ్బు చాలావరకు వృథానే. ఉన్న స్టిక్‌కు జతగా మరొకటి పెట్టి, రెండూ ఒకేసారి పనిచేసేలా డ్యుయల్ ఛానల్ చేసుకున్నా కొన్ని గేముల్లో కార్డు మార్చినదానికన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం మరొకటి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే దారిలో. స్లాట్ పొడుగ్గా కనిపిస్తే అందులో 16 లేన్లు, అంటే డేటా వెళ్లే వరుసలు, ఉంటాయని అనుకుంటాం. అయితే ఇప్పుడు తక్కువ, మధ్యస్థ ధరల్లో వచ్చే కార్డుల్లో చాలావాటికి ఉన్నవి 8 లేన్లే. కార్డు అంచు మాత్రం పూర్తి పొడవే ఉంటుంది కాబట్టి చూస్తే తెలియదు. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 అన్నీ అలాంటివే. కొత్త బోర్డుల్లో దీనివల్ల ఇబ్బంది లేదు, ఎందుకంటే 4.0 తరం దారిలో 8 లేన్లు మోసేది 3.0 తరంలో 16 లేన్లు మోసేదానితో సమానం, సెకనుకు సుమారు 16 గిగాబైట్లు. కానీ 2012 నుంచి 2020 వరకు ఇంటెల్ వేదిక మీద వచ్చిన మామూలు డెస్క్‌టాప్‌లు 3.0 దగ్గరే ఆగిపోయాయి. 4.0 దారి ఏఎండీ వైపు 2019లో, ఇంటెల్ వైపు 2021లో వచ్చింది. పాత బోర్డులో 8 లేన్ల కార్డు పెడితే దారి సగమవుతుంది, సెకనుకు 8 గిగాబైట్లు.

కార్డు సొంత మెమొరీ చాలినంతసేపు ఈ సగం దారి పెద్దగా తెలియదు. తేడా వచ్చినా కొద్ది శాతమే. మెమొరీ నిండినప్పుడే అసలు కథ మొదలవుతుంది. కార్డులో పట్టని టెక్స్చర్లు (గేమ్‌లోని వస్తువుల పైపొర బొమ్మలు) కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తాయి. గేమ్ అడిగిన ప్రతిసారీ అవి ఆ దారిలోనే తిరిగి రావాలి. ఆర్‌టీఎక్స్ 4060 సొంత మెమొరీ వేగం సెకనుకు 272 గిగాబైట్లు. బయటి దారి 8. ఇంత తేడా ఉన్నచోట గేమ్ తడబడుతుంది. సగటు ఫ్రేమ్‌ల అంకె బాగానే కనిపిస్తుంది, మలుపు తిరిగిన ప్రతిచోటా బొమ్మ మాత్రం ఒక క్షణం ఆగుతుంది.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. మెమొరీ 4 గిగాబైట్లు, లేన్లు నాలుగే. కార్డుల ధరలు ఆకాశంలో ఉన్న రోజుల్లో తక్కువ ధర కార్డుగా వచ్చింది. అలాంటి కార్డు కొనేది ఎవరు? ఎక్కువగా పాత కంప్యూటర్ ఉన్నవాళ్లే. 3.0 స్లాట్‌లో పెట్టగానే అది పలు గేముల్లో చతికిలపడిందని పరీక్షల్లో తేలింది. నా అభ్యంతరం ఇదే. ఖర్చు తగ్గించడానికి కంపెనీలు కోత పెట్టేది సరిగ్గా పాత యంత్రం బలహీనంగా ఉన్నచోట. తక్కువ డబ్బున్న మనిషి తక్కువ ధర కార్డు కొంటాడు, అతని దగ్గరే పాత బోర్డు ఉంటుంది, ఆ కార్డు మాత్రం కొత్త బోర్డును దృష్టిలో పెట్టుకుని తయారవుతుంది. మెమొరీ ఎంతో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లు లేన్లు ఎన్నో కూడా అంతే పెద్దగా వేయాలి. కొనేవాడికి ఆ హక్కు ఉంది.

మరి పాత బోర్డు ఉన్నవాళ్లు ఏం కొనాలి? 3.0 బోర్డు మీద నేనైతే వేగం కంటే ముందు మెమొరీ, లేన్లు చూస్తాను. ఉదాహరణకు 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి పూర్తి 16 లేన్లున్నాయి. అందులో 16 గిగాబైట్ల రకం పాత బోర్డుకు తగిన కార్డు. సెకండ్ హ్యాండ్‌లో పాత తరం 16 లేన్ల కార్డులు దొరుకుతాయి. క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో రాత్రింబవళ్లు నలిగిన కార్డులంటే భయం ఉంటుంది. ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ పద్ధతి మానేశాక అలాంటివి చాలా బయటికి వచ్చాయి. ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతున్నాయా, అరగంట గేమ్ ఆడితే వేడి అదుపులో ఉందా అన్నవి చూసి కొనవచ్చు. ఇంటెల్ ఆర్క్ కార్డుల విషయంలో మాత్రం ఆగండి. 12 గిగాబైట్ల మెమొరీతో బీ580 చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ దానికి, ప్రాసెసర్ కార్డు మెమొరీ మొత్తాన్ని ఒకేసారి చేరుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలి, పాత బోర్డుల్లో చాలావాటికి అది లేదు. పైగా పాత ప్రాసెసర్లతో అది బాగా వెనకబడుతోందని 2025 ఆరంభంలో పరీక్షకులు చూపించారు.

పవర్ సప్లై గురించి మాత్రం తొందరపడి ముందుకు వెళ్లను. మిగతా అన్నిచోట్లా పొరపాటు జరిగితే పోయేది కొన్ని ఫ్రేమ్‌లే. ఇక్కడ పొరపాటు జరిగితే కంప్యూటరే పోవచ్చు. స్లాట్ ఇచ్చే కరెంటు 75 వాట్ల వరకే. 6 పిన్‌ల కేబుల్ మరో 75, 8 పిన్‌ల కేబుల్ 150 వాట్లు ఇస్తాయి. పదేళ్లు వేడిలో పనిచేసిన పవర్ సప్లైలో కెపాసిటర్లు (కరెంటును నిలవచేసి సర్దే భాగాలు) నీరసిస్తాయి. స్టిక్కర్ మీద 500 అని ఉన్నా లోపల అంత సత్తా మిగలకపోవచ్చు. అసలు చూడాల్సింది ఆ స్టిక్కర్ మీదే ఉండే 12 వోల్టుల వరుస, కార్డుకు అందేది అక్కడినుంచే. కొన్ని చవక రకాల్లో మొత్తం వాట్లు ఘనంగా ఉండి 12 వోల్టుల వంతు చాలా తక్కువగా ఉంటుంది. స్లాట్ కరెంటుతో నడవని కార్డు పెడుతున్నప్పుడు, ఏళ్లు గడిచిన పవర్ సప్లైని నేను ఉంచను. మోలెక్స్ అనే పాత నాలుగు పిన్‌ల కనెక్టర్ నుంచి 8 పిన్‌లకు మార్చే చవక అడాప్టర్లు దయచేసి వాడకండి. ఆఫీసుల కోసం తయారైన రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటిలో పవర్ సప్లై ఆకారమే వేరుగా ఉండి మార్చడానికి వీలుండదు. అలాంటివాటికి 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 గిగాబైట్ల రకం లాంటివి దిక్కు. వేగం కొంచెమే, కానీ వేరే కేబుల్ అక్కర్లేదు.

"పాత కార్డుతోనే సర్దుకుందాం" అనేవాళ్లకూ గడువు దగ్గరపడింది. జీటీఎక్స్ 900, 1000 వరుసల కార్డులకు కొత్త గేముల కోసం డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. ఆ తర్వాత వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు రే ట్రేసింగ్ (కాంతి కిరణాలను లెక్కగట్టి గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేని కార్డు మీద అసలు మొదలే కావు. కాబట్టి మార్పు అవసరమే. నేను వాదిస్తున్నది మార్చే వరుస గురించి.

మా తమ్ముడి పాత కంప్యూటర్‌కు ఈ మధ్య ఆ వరుసలోనే చేశాం. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్, 3.0 బోర్డు, 60 హెర్ట్జ్ 1080పీ మానిటర్. రిజల్యూషన్ పరీక్ష చేస్తే ఆపుతున్నది కార్డే అని తేలింది. వాడు పెద్ద కార్డు అడిగాడు. సెకనుకు 60 కన్నా ఎక్కువ చూపించలేని మానిటర్‌కు అది ఎందుకని నచ్చజెప్పి, ఆర్‌ఎక్స్ 6600 తీసుకుని, మిగిలిన డబ్బుతో కొత్త పవర్ సప్లై, రెండో ర్యామ్ స్టిక్ కొన్నాం. కార్డు పెట్టాక, దాని వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి చూస్తే దారి 3.0, లేన్లు 8 అని కనిపించింది. అందుకే టెక్స్చర్ల సెట్టింగ్‌ను 'అల్ట్రా' నుంచి ఒక మెట్టు దించి, మెమొరీ ఏడు గిగాబైట్లు దాటకుండా పెట్టాం. మిగతా సెట్టింగ్స్ ఏవీ తగ్గించలేదు. మలుపుల దగ్గర ఆగడం పోయింది.