మంచానికి నిధులున్నాయి, మాత్రకు లేవు

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చేతిలో పట్టుకుని బయటికొచ్చిన కొడుకు బంధువులతో అనే మాట దాదాపు ప్రతి ఆసుపత్రి వరండాలోనూ ఒకటే. "నాన్నకు పంపింగ్ 30 శాతమే ఉందట." వినగానే అందరూ డీలాపడతారు, నూటికి 30 మార్కులేనా అన్నట్టు. ఆ లెక్కే తప్పు. ఆరోగ్యమైన గుండె కూడా తనలో నిండిన రక్తాన్నంతా ఒక్కసారిగా తోసెయ్యదు. ఒక్కో స్పందనకు 50 నుంచి 70 శాతం దాకా పంపుతుంది. 40కి దిగితే గుండె కండరం బలహీనపడిందని అర్థం. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోయే ఈ జబ్బే హార్ట్ ఫెయిల్యూర్. మందులు సరిగ్గా పడితే చాలామందిలో ఆ అంకె మళ్లీ పెరుగుతుంది కూడా. కొందరిలో పంపింగ్ మామూలుగానే ఉండి, గుండె గోడలు బిరుసెక్కడం వల్ల ఇదే జబ్బు వస్తుంది. గుండెపోటు వేరు, గుండె హఠాత్తుగా ఆగిపోవడం వేరు, హార్ట్ ఫెయిల్యూర్ వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి మన పత్రికలూ చానళ్లూ చేస్తున్న కీడు తక్కువేమీ కాదు.

ఈ జబ్బుతో పోరాటం ఆపరేషన్ బల్ల మీద కంటే ఇంట్లోనే ఎక్కువ సాగుతుంది. మన ప్రభుత్వాల డబ్బు మాత్రం ఇంటి గడప దాకా రాదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షలాది పేదలను ఆదుకుంది. అందులో సందేహం లేదు. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. కొన్ని చికిత్సల తర్వాత కొంతకాలం మందులిచ్చే ఏర్పాటూ ఉంది. అయినా పథకం నడక అంతా ఆసుపత్రిలో చేరడం చుట్టూనే. హార్ట్ ఫెయిల్యూర్ రోగికి కావలసింది ఏళ్ల తరబడి ఆగకుండా అందే మాత్రలు. ఎనలాప్రిల్, మెటోప్రొలాల్, స్పైరోనోలాక్టోన్ దశాబ్దాల నాటి చవక మందులు. చక్కెర జబ్బు కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ గుండెకూ మేలు చేస్తుందని 2019లో తేలింది. మరుసటి ఏడాది మన దేశంలో దాని తొలి పేటెంట్ గడువు తీరింది, ఇప్పుడు మన కంపెనీలే తయారు చేస్తున్నాయి. అంటే మందు మన ఊళ్లోనే ఉంది, రోగి చేతికి చేరడం లేదు.

చేరకపోతే ఏమవుతుందో తిరువనంతపురం రిజిస్ట్రీ, అంటే అక్కడి హార్ట్ ఫెయిల్యూర్ రోగుల వివరాలు నమోదు చేసిన అధ్యయనం, చూపించింది. 2013లో అక్కడి ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని గమనిస్తే, ఏడాది తిరిగేసరికి దాదాపు 30 శాతం మంది చనిపోయారు. పంపింగ్ తగ్గినవారిలో ఇంటికి వెళ్లేటప్పుడు ప్రమాణాల ప్రకారం మందులు అందినవారు నలుగురిలో ఒక్కరే. ఆరోగ్య సేవల్లో ముందుండే కేరళలోనే ఇది పరిస్థితి.

మన పల్లెల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పడుకుంటే ఆయాసం, తల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు, పాదాలకు వాపు. ఉబ్బసమనో వయసు మీదపడిందనో సరిపెట్టుకుంటారు. నీరసమంటే ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. ఒంట్లో చేరిన నీటితోనే సతమతమవుతున్న గుండె మీద ఇంకో బాటిల్ నీరు, ఉప్పు! కీళ్ల నొప్పులంటే డైక్లోఫెనాక్ సూది. అది ఒంట్లో నీటిని మరింత నిలబెడుతుంది. కంచంలో ఆవకాయ, అప్పడం, ఎండుచేప సరేసరి. వాపు తగ్గగానే జబ్బు పోయిందనుకుని మాత్రలు ఆపేస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ 108 వస్తుంది. ఈసారి ఐసీయూ బిల్లు పథకం కడుతుంది.

ప్రాణం పోయే స్థితిలో ఉన్నవారికే ముందు ఖర్చు చేయాలని, అవుట్‌పేషెంట్ మందుల్లో దుబారాను పట్టుకోవడం కష్టమని అధికారులు అంటారు. స్టెంటు అవసరమైనవారికి స్టెంటు వేయాల్సిందే. కానీ ఒకే రోగిని ఏడాదిలో మూడుసార్లు ఐసీయూలో చేర్చుకోవడం పొదుపు ఎలా అవుతుంది? 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ పరిశోధనలో, డిశ్చార్జి అయినవారిని మొదటి ఆరు వారాల్లో పదేపదే పిలిచి, పరీక్షించి, మందుల మోతాదు త్వరత్వరగా పెంచారు. ఆరు నెలల్లో మరణించినవారు, గుండె జబ్బుతో తిరిగి చేరినవారు కలిపి 15 శాతం. మామూలు పద్ధతిలో ఆ లెక్క 23. కొత్త యంత్రమూ లేదు, కొత్త మందూ లేదు. పిలవడం, చూడటం, అంతే.

మన రాజకీయానికి ఆ పిలవడమే రుచించదు. ఆసుపత్రి భవనానికి శంకుస్థాపన ఉంటుంది, ఆపరేషన్ల సంఖ్యకు ప్రకటన ఉంటుంది. ఆసుపత్రికి రావాల్సిన అవసరమే లేకుండా ఇంట్లో బతికిన మనిషికి ఏ లెక్కల్లోనూ చోటు లేదు. చదువులోనూ ఇదే వరస, సాగునీటిలోనూ ఇదే. గదులు కడతాం, టీచర్లను వేయం. కాలువ తవ్వుతాం, పూడిక తీయం. కట్టడానికి ఉన్న ఉత్సాహం నడపడానికి ఉండదు, ఆ నిర్లక్ష్యానికి ముందుగా బలయ్యేది ఏళ్ల తరబడి జబ్బుతో బతికే పేదవాడు.

బీపీ, షుగర్ మాత్రలు ఇప్పటికే ఉపకేంద్రాల్లో ఇస్తున్నారు. హార్ట్ ఫెయిల్యూర్ మందులనూ అదే జాబితాలో చేర్చండి. మందు మొదలుపెట్టిన రెండు వారాల్లోపు మూత్రపిండాల పనితీరు, పొటాషియం చూడాలి. ఆ రక్త నమూనా ఏఎన్ఎం తీయగలదు. మూడు రోజుల్లో రోగి బరువు రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే. గర్భిణుల బరువు చూసే యంత్రం ఆమె దగ్గర ఉండనే ఉంది. డిశ్చార్జి అయి ఊరికి వచ్చిన గుండె జబ్బు రోగిని కూడా దాని మీద నిలబెట్టి, ఆ అంకెను డాక్టరుకు ఫోనులో చెప్పమని రెండు రాష్ట్రాలూ ఈ ఏడాదే ఉత్తర్వు ఇవ్వాలి.